ఇంగ్లిష్ ఉపవాక్యంలోని భూతకాలాన్ని తెలుగుతో పోల్చి నేర్పాలి

సంపాదకులకు,

అయ్యా,

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ విద్యా పేజీలో వెలువడుతున్న ఇంగ్లిష్ వ్యాకరణ పాఠాల్లో డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్ గురించి ఇటీవల ఇచ్చిన పట్టికను శ్రద్ధగా చదివాను. ప్రధాన వాక్యంలో 'సెడ్' వంటి భూతకాల క్రియ ఉంటే, దాని లోపల ఒదిగి వచ్చే ఉపవాక్యంలోని 'ఈజ్' 'వాజ్' అవుతుందని, 'విల్' 'వుడ్' అవుతుందని, 'కేమ్' 'హాడ్ కమ్' అవుతుందని ఆ పట్టిక చెబుతోంది. అయితే అలా ఎందుకు మారుతుందో అందులో ఒక్క మాట లేదు. తెలుగులో ఎందుకు మారదో అసలే లేదు. ప్రభుత్వ పాఠశాలల్లో చాలాకాలం ఇంగ్లిష్ బోధించి, ఉద్యోగ విరమణ తరువాత చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వచ్చే అభ్యర్థులకు సందేహాలు తీరుస్తున్నవాడిగా నా గట్టి అభిప్రాయం ఒకటే: ఈ విషయాన్ని తెలుగుతో పోల్చి చెప్పకపోవడం వల్లనే మన పిల్లలు డిగ్రీలు పూర్తయ్యాక కూడా ఇంగ్లిష్ ఉపవాక్యం దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నారు.

'తనకు ఒంట్లో బాగాలేదని రవి చెప్పాడు' అన్న వాక్యాన్ని తీసుకోండి. రవి ఆ మాట నిన్న చెప్పి ఉండవచ్చు, పదేళ్ల కిందట చెప్పి ఉండవచ్చు. ఈపాటికి అతను పూర్తిగా కోలుకొని ఉండవచ్చు. అయినా 'బాగాలేదు' అన్న క్రియ రవి నోటి నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది, దానికి 'అని' చేరుతుంది, అంతే. ఇంగ్లిష్ అలా ఊరుకోదు. 'రవి సెడ్ దట్ హి వాజ్ సిక్' అనాలి. పిల్లలకు నేను దీన్ని ఇలా చెబుతుంటాను: తెలుగు ఉపవాక్యం రవి చేతి గడియారం చూసి కాలం చెబుతుంది, ఇంగ్లిష్ ఉపవాక్యం ఆ మాటను ఇప్పుడు మనకు చేరవేస్తున్న మనిషి చేతి గడియారం చూసి చెబుతుంది. రవి మాట్లాడినప్పుడు అది వర్తమానమే కానీ, చేరవేసే మనిషికి అది గడిచిన కాలం, అందుకే 'వాజ్'. రవి అప్పుడు ముందుకు చూసి చెప్పిన భవిష్యత్తు ఇప్పటి మనిషికి గతంలో నిలబడి చూసిన భవిష్యత్తు, అందుకే 'వుడ్'. రవికే గతమైనది మనకు గతానికి గతం; అందుకే 'హాడ్'. ఈ మూడు మాటలు అర్థమైన విద్యార్థికి పట్టికతో పెద్దగా పని ఉండదు.

కాలం ఒక్కటే కాదు, పురుష (నేను, నువ్వు, అతను అన్న భేదం) కూడా ఇదే దారిలో నడుస్తుంది. 'తాను రేపు వస్తానని రవి అన్నాడు' అంటాం. కర్త 'తాను' అయినా క్రియ మాత్రం 'వస్తాను' అనే ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చేటప్పుడు 'నేను' 'తాను' అవుతుందని, చివర 'అని' చేరుతుందని మన పిల్లలు హైస్కూలు తెలుగు పాఠంలో చదువుకుంటారు. అదే బడిలో, తరువాతి పీరియడ్‌లో ఇంగ్లిష్ మాస్టారు వచ్చి ఇండైరెక్ట్ స్పీచ్ చెబుతారు. రెండూ ఒకే సంగతికి రెండు భాషలు ఎంచుకున్న రెండు పద్ధతులని ఆ ఇద్దరిలో ఎవరూ చెప్పరు. తెలుగు మాస్టారి నోట్సూ ఇంగ్లిష్ మాస్టారి నోట్సూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే సగం పని అయిపోతుంది.

హైదరాబాద్‌లో ఈ పోలికకు ఇంకొక ప్రయోజనం ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలది కూడా ఇదే అలవాటు; 'ఉస్‌నే కహా కె వో బీమార్ హై' (తనకు ఒంట్లో బాగాలేదని అతను చెప్పాడు) అన్న వాక్యంలో 'హై' వర్తమానమే. పాతబస్తీలో మాట్లాడే ఉర్దూ యాస అయిన దక్కనీలోనైతే 'ఆతూఁ బోల్కే బోలా' (వస్తానని చెప్పాడు) అంటారు. ఆ 'బోల్కే' అచ్చంగా మన 'అని' చేసే పనే చేస్తుంది, తెలుగు పొరుగున పెరిగిన దక్కనీ ఆ పద్ధతిని ఇక్కడే అలవరచుకుంది. అంటే ఈ నగరంలో తరగతి గదిలో కూర్చున్న పిల్లల్లో అత్యధికులు, ఇంటి భాష ఏదైనా సరే, మూల వక్త కాలాన్ని కదపకుండా ఉంచే అలవాటుతోనే వస్తారు. రష్యన్, జపనీస్ మాట్లాడేవారిదీ ఇదే పద్ధతి. 'ఐ థాట్ హి ఈజ్ కమింగ్' అని రాసిన పిల్లవాడు బుద్ధి తక్కువై రాయలేదు, తన భాషా న్యాయం ప్రకారం సరిగ్గా రాశాడు. ఆ సంగతి అతనికి చెప్పి, ఇంగ్లిష్ న్యాయం వేరని చూపించడం ఉపాధ్యాయుడి బాధ్యత.

ఇక పట్టిక దగ్గరికి వస్తాను. పట్టికను యాంత్రికంగా అమలు చేస్తే తప్పులు పుడతాయి. 'చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591' అని గైడ్ అన్నాడనుకుందాం. పట్టిక ప్రకారం 'ద గైడ్ సెడ్ దట్ చార్మినార్ హాడ్ బీన్ బిల్ట్ ఇన్ 1591' అనాలి. అది తప్పు కాదు కానీ, సంవత్సరమే అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంగ్లిష్ బాగా తెలిసినవారు 'వాజ్ బిల్ట్' అనే ఉంచేస్తారు, 'హాడ్' అవసరం లేదు. అలాగే ప్రధాన క్రియ 'సేస్' అయినా, 'హాజ్ సెడ్' అయినా కాలం వెనక్కి జరపాల్సిన పని సాధారణంగా ఉండదు. రవి 'రేపు వస్తాను' అన్నది ఈ ఉదయమే అయి, ఆ రేపు ఇంకా రాకపోతే, 'రవి సెడ్ హి విల్ కమ్ టుమారో' అన్నది కూడా చక్కని ఇంగ్లిషే. దాన్ని కొట్టేసి 'వుడ్', 'ద నెక్స్ట్ డే' అని దిద్దే ఉపాధ్యాయులను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

విశ్వసత్యాలకు వర్తమానమే వాడాలన్న నియమం కూడా పట్టికలో ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మాస్టారు చెప్పారనడానికి 'మూవ్స్' అని రాయవచ్చు. 'మూవ్డ్' అని రాసినా తప్పు కాదు. అసలు విషయం వేరే ఉంది. ఉపవాక్యంలో వర్తమానాన్ని ఉంచితే ఆ మాట ఇప్పటికీ వర్తిస్తుందని చేరవేసే మనిషి కూడా ఒప్పుకున్నట్టవుతుంది. భూతకాలంలో పెడితే ఆ మాట బాధ్యతను అసలు వక్తకే వదిలిపెట్టవచ్చు. 'ది ఆఫీసర్ సెడ్ ద వాటర్ ఈజ్ సేఫ్' అని రాసిన విలేకరి నీళ్లకు తానూ కొంత పూచీ పడుతున్నాడు. 'వాజ్ సేఫ్' అని రాసిన విలేకరి పూచీ పడడం లేదు. పత్రికా రచనలో ఎంతో అవసరమైన ఈ తేడాను విశ్వసత్యం అన్న ఒక్క గడిలో పెట్టి మూసేయడం తగదు.

పత్రిక ప్రస్తావన వచ్చింది కనుక, మీ వృత్తికి నేరుగా సంబంధించిన మాట ఒకటి మనవి చేస్తాను. తెలుగు దినపత్రికల డెస్కుల్లో ప్రతిరోజూ ఏజెన్సీ వార్తలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వస్తాయి. అక్కడ ఈ సమస్య తిరగబడుతుంది: ఇంగ్లిష్ ఉపవాక్యంలోని భూతకాలాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మళ్లీ మూల వక్త కాలానికి చేర్చాలి. 'ద మినిస్టర్ సెడ్ ద గవర్న్‌మెంట్ వాజ్ కన్సిడరింగ్ ద ప్రపోజల్' అంటే ప్రభుత్వం ప్రతిపాదనను పరిశీలిస్తోందని మంత్రి చెప్పారని అర్థం. దాన్ని 'పరిశీలించిందని' అని రాస్తే పరిశీలన ముగిసిపోయినట్టవుతుంది. 'ఎగ్జామ్స్ వుడ్ బి హెల్డ్ ఇన్ మే' అన్నది 'మేలో పరీక్షలు జరుగుతాయని' కావాలి. ఇటువంటి పొరపాట్లు పత్రికల్లో అరుదు కావు.

ఇంకా చిక్కైనది 'వాజ్'. 'హి సెడ్ హిజ్ ఫాదర్ వాజ్ ఎ టీచర్' అన్న వాక్యానికి ఇంగ్లిష్‌లోనే రెండు అర్థాలున్నాయి. తండ్రి ఆ మాట అన్ననాడు ఉపాధ్యాయుడై ఉండవచ్చు, లేదా అంతకుముందు ఎప్పుడో ఉపాధ్యాయుడిగా పనిచేసి ఉండవచ్చు. తెలుగులో ఈ రెండింటినీ కలిపి చెప్పే వీలు లేదు. 'తన తండ్రి ఉపాధ్యాయుడని చెప్పాడు' అనాలి, లేదా 'ఉపాధ్యాయుడిగా పనిచేసేవారని చెప్పాడు' అనాలి. రెండోది రాస్తే ఆయన ఇప్పుడు లేరేమోనని కూడా పాఠకుడు అనుకునే అవకాశం ఉంది. సందర్భాన్ని బట్టి అనువాదకుడే తేల్చుకోవాలి, తేలకపోతే విలేకరిని అడగాలి. ఉపవాక్యంలో కాలాన్ని చూపడంలో ఇక్కడ తెలుగుదే పైచేయి అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

కోర్టుల్లో ఈ తేడా విలువ మరింత ఎక్కువ. మన కింది కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లిష్‌లో నమోదు కావడం మామూలే. నమోదైన వాంగ్మూలాన్ని సాక్షికి అర్థమయ్యే భాషలో తిరిగి వినిపించాలన్న నియమం కూడా ఉంది. 'ఇంటికి తాళం వేసి ఉందని పక్కింటావిడ నాతో చెప్పింది' అని సాక్షి అంటే, అది 'షి టోల్డ్ మి దట్ ద హౌస్ వాజ్ లాక్డ్' అవుతుంది. దాన్ని తిరిగి తెలుగులో వినిపించేటప్పుడు 'ఇంటికి తాళం వేశారని' అంటే సంగతే మారిపోతుంది. మొదటిది ఆవిడ చెప్పిన వేళకు ఉన్న స్థితి, రెండోది ఎవరో చేసిన పని.

తెలుగు అన్నిచోట్లా స్పష్టంగా ఉంటుందని నేను అనడం లేదు. కాలభేదం చూపని మాటలు తెలుగులో చాలా ఉన్నాయి, ఇంగ్లిష్ ఉపవాక్యం దగ్గర పిల్లలు పడే ఇబ్బందిలో పెద్ద భాగం వాటి నుంచే వస్తుంది. 'నాకు తెలుసు' అన్న మాట ఇప్పటికీ సరిపోతుంది, అప్పటికీ సరిపోతుంది. 'వాడు అబద్ధం చెబుతున్నాడని నాకు అప్పుడే తెలుసు' అంటాం. ఆ 'తెలుసు'లో భూతకాలం కనబడదు కనుక విద్యార్థి 'ఐ నో' అని మొదలుపెడతాడు. ప్రధాన క్రియే వర్తమానంలో పడిపోయాక ఉపవాక్యాన్ని వెనక్కి జరపాలన్న ఆలోచనే రాదు. 'లేడు' కూడా అంతే. 'సారు ఆఫీసులో లేడని ప్యూన్ చెప్పాడు' అన్నప్పుడు ప్యూన్ మాట్లాడుతున్న క్షణంలో లేడా, అంతకుముందు రోజు లేడా అన్నది 'నిన్న' వంటి మాట చేరితే తప్ప తేలదు. ఇంగ్లిష్‌లో మాత్రం 'వాజ్ నాట్', 'హాడ్ నాట్ బీన్' అని తేల్చి చెప్పవచ్చు. 'రాడు' అన్నది అలవాటుగా రాకపోవడమూ కావచ్చు, ఇకముందు రాకపోవడమూ కావచ్చు. 'ఆయన సభలకు రాడని చెప్పారు' అన్న ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో 'డిడ్ నాట్ కమ్', 'వుడ్ నాట్ కమ్' అని రెండుగా చీలుతుంది. ఈ మూడు మాటల మీద ఒక పూర్తి పీరియడ్ గడిపినా అది వృథా కాదు.

గ్రంథాలయంలో ఒక అభ్యర్థిని తన నోటు పుస్తకంలో రాసుకున్న వాక్యం ఇది: 'ఐ ఆస్క్‌డ్ ద కండక్టర్ వై ఈజ్ ద బస్ లేట్.' ఆమె గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతోంది. అందులో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపర్ పదో తరగతి స్థాయిదే అయినా, అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్ల శ్రమంతా వృథా అవుతుంది. ఆమె వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నాను. 'బస్సు ఎందుకు ఆలస్యమైందని కండక్టర్‌ని అడిగాను' అంది. ప్రశ్న కండక్టర్ ముందు ఏ వరుసలో ఉందో తెలుగులో అదే వరుసలో ఉందని, తెలుగులో ప్రశ్నకు పదాల వరుస మారదు కాబట్టి ఉపవాక్యంలోకి వచ్చాక కూడా మారాల్సింది ఏమీ లేదని చూపించాను. ఇంగ్లిష్‌లో మాత్రం ప్రశ్న కోసం క్రియ ముందుకు వస్తుంది; ఆ ప్రశ్న ఉపవాక్యమై కూర్చోగానే క్రియ తన చోటుకు తిరిగి వెళ్లిపోతుంది, దానితోపాటు కాలమూ వెనక్కి జరుగుతుంది: 'వై ద బస్ వాజ్ లేట్.' ఒకే చోట రెండు మార్పులు జరుగుతున్నాయని ఆమెకు అంతవరకు ఎవరూ విడదీసి చెప్పలేదు. తరువాత తనంతట తానే 'వేర్ ఐ లివ్డ్', 'వాట్ మై నేమ్ వాజ్' అంటూ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలన్నీ మార్చి రాసి చూపించింది.

'హాడ్' గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 'నేను నాంపల్లి స్టేషన్‌కు వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది' అన్న తెలుగు వాక్యంలో వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఒక్కటే ఉంది. 'వెళ్లేసరికి' అసమాపకం, దానికి కాలం లేదు; ముందు ఏది, వెనుక ఏది అన్నది 'సరికి' చెప్పేస్తుంది. తెలుగులో ఇటువంటి సాధనాలు ఎన్నో ఉన్నాయి: 'వెళ్లాక', 'వెళ్లేలోపు', 'వెళ్తుండగా', 'వెళ్లేవరకు'. ఇంగ్లిష్‌లో 'వెన్' అన్న మాట వరుసను తేల్చదు. 'వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్' అంటే నేను చేరడం, రైలు కదలడం దాదాపు ఒకేసారి జరిగాయని అర్థమవుతుంది. నేను చేరేలోగానే రైలు పోయిందనాలంటే 'హాడ్ లెఫ్ట్' తప్పదు. 'ఆఫ్టర్', 'బిఫోర్' ఉన్నచోట ఆ మాటలే వరుస చెబుతాయి కనుక 'హాడ్' ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు. తెలుగులో 'సరికి' చేస్తున్న పనిని ఇంగ్లిష్‌లో 'హాడ్' చేస్తోందని ఒక్కసారి గ్రహించిన విద్యార్థి దాన్ని అనవసరమైన చోట వాడడు కూడా. మన ఆఫీసు ఉత్తరాల్లో 'ఐ హాడ్ గాన్ టు మై నేటివ్ ప్లేస్ లాస్ట్ వీక్' వంటి వాక్యాలు కోకొల్లలు. మాటలో గానీ సందర్భంలో గానీ ఇంకో గత సంఘటన లేనిచోట 'హాడ్'కు చోటే లేదు, 'వెంట్' చాలు. గతం కొంచెం దూరమైతే 'హాడ్' పెట్టాలన్న అపోహ ఎక్కడ మొదలైందో గానీ, బాగా వేళ్లూనుకుంది.

'హు', 'విచ్'లతో వచ్చే ఉపవాక్యాలకు ఈ జరుపుడు నియమం వర్తించదని మాత్రం మీ పాఠంలో తప్పక చేర్చాలి. 'ఐ మెట్ ఎ మ్యాన్ హు లివ్స్ ఇన్ నల్గొండ' సరైన వాక్యమే. 'రేపు పాడబోయే అమ్మాయిని నిన్న చూశాను' అనగలిగిన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు.

చివరిగా, జరగనిదాన్ని చెప్పే వాక్యాలు. ఇక్కడ రెండు భాషలూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తాయి కానీ, ఆ సంగతి తరగతి గదుల్లో వినబడదు. 'నాకు తెలిసి ఉంటే చెప్పేవాడిని' అన్న వాక్యాన్ని 'ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యూ' పక్కన పెట్టి చూడండి. 'తెలిసి ఉంటే' దగ్గర 'హాడ్ నోన్', 'చెప్పేవాడిని' దగ్గర 'వుడ్ హావ్ టోల్డ్'. మరొక విశేషం ఉంది: 'మా తాత రోజూ రాత్రి కథలు చెప్పేవాడు' అన్నప్పుడు అదే 'చెప్పేవాడు' గతంలోని అలవాటును చెబుతుంది, ఇంగ్లిష్‌లో కూడా అక్కడ 'వుడ్' వాడవచ్చు, 'మై గ్రాండ్‌ఫాదర్ వుడ్ టెల్ అజ్ స్టోరీస్ ఎవ్రీ నైట్'. గతంలోని అలవాటుకూ, జరగకుండా పోయినదానికీ రెండు భాషలూ ఒకే రూపాన్ని కేటాయించుకున్నాయి. చుట్టరికం లేని రెండు భాషల్లో ఇటువంటి సామ్యం కనబడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది చూపించాక 'ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్' అని రాసేవారు బాగా తగ్గుతారు, ఎందుకంటే తెలుగులో 'తెలిసేవాడినైతే చెప్పేవాడిని' అని ఎవరూ అనరు.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశించింది. దానికి నేను వ్యతిరేకిని కాను. అయితే ఇంగ్లిష్ మాధ్యమం అంటే తరగతి గదిలో తెలుగు మాట వినపడకూడదన్న భావన చాలా బడుల్లో ఉంది, ప్రైవేటు బడుల్లో మరీ ఎక్కువ. పిల్లల తలలో తెలుగు ఉపవాక్యం ఎలాగూ పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూపించకపోతే అది చాటుగా ఇంగ్లిష్ వాక్యాన్ని నడిపిస్తుంది. ఈ పోలికలను సులభమైన భాషలో ఒక చిన్న పుస్తకంగా తేవడానికి కావలసిన విద్వత్తు ఈ నగరంలోనే ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై నేడు ఇఫ్లూగా (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) ఉన్న విశ్వవిద్యాలయం, దాని పక్కనే ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ, 1968 నుంచి పాఠ్యగ్రంథాలు తెస్తున్న తెలుగు అకాడమి కలిసి కూర్చుంటే ఇది పెద్ద పని కాదు. పరీక్షల్లో కూడా విడి వాక్యాన్ని ఇచ్చి 'ఇండైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చుము' అనే బదులు, ఇద్దరి మధ్య జరిగిన నాలుగు మాటల తెలుగు సంభాషణ ఇచ్చి, దాన్ని మరుసటి రోజు మూడో మనిషికి ఇంగ్లిష్‌లో చెప్పమని అడిగితే, ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో విద్యార్థి ఆలోచించక తప్పదు.

మీ పత్రిక వరకు నా విన్నపం చిన్నది. రాబోయే వారాల పాఠాల్లో ప్రతి ఇంగ్లిష్ ఉపవాక్యం పక్కనా దాని తెలుగు రూపాన్ని అచ్చువేయండి. రెండర్థాలు వచ్చే 'వాజ్' వాక్యాలకు రెండు తెలుగు వాక్యాలూ ఇవ్వండి. ఆ పేజీ ప్రతిని మీ అనువాద డెస్కులోని కొత్తవారికి కూడా అందజేయండి. పాఠం రాస్తున్నవారు కోరితే, విద్యార్థుల నోటు పుస్తకాల్లో ఇన్నాళ్లుగా నాకు కనిపించిన వాక్యాలను, పేర్లు తొలగించి, వాటి తెలుగు మూలాలతో సహా రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
నల్లకుంట, హైదరాబాద్